కొండదారి బండికి ఏ టైరు? పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

తారు మీదా మట్టి మీదా నడవడానికి తయారైన డ్యూయల్ స్పోర్ట్ మోటారు సైకిళ్ల టైర్ల గురించి ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికను కేటాయిస్తున్నాము. వానలు మొదలుకాక ముందే టైరు మార్చుకోవలసిన వారు చాలామంది ఉన్నారు కనుక, మొదటి ఉత్తరానికి కాస్త విస్తారంగానే సమాధానం రాస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నేను కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఉంటాను. ఉద్యోగరీత్యా వారంలో నాలుగు రోజులు పొట్టంగి, నందపూర్ వైపు కొండ ఊళ్లకు తిరగాలి. నా బండి హీరో ఎక్స్‌పల్స్ 200. వెనుక టైరు పూర్తిగా అరిగిపోయింది, ముందు టైరు సగం ఉంది. కొట్టు యజమాని పెద్ద గుబ్బల టైరు వేయించుకోమంటున్నాడు. మా బావ మాత్రం మామూలు రోడ్డు టైరే చాలంటున్నాడు. నెలకు రెండు మూడు సార్లు నా భార్యతో కలిసి సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్లి వస్తుంటాను. ఏ టైరు వేయించుకోవాలి? — ఒక పాఠకుడు, సెమిలిగుడ

సమాధానం: మీ ఉత్తరంలో చివరి మాటగా రాసిన సాలూరు ప్రయాణం దగ్గరే నా సమాధానాన్ని మొదలుపెడతాను. టైరును ఎంచుకునేటప్పుడు మనం ఎక్కువసార్లు తిరిగే దారికన్నా, మనల్ని ఎక్కువ దెబ్బ తీయగల దారిని ముందుగా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. కొండ ఊరి ఎర్రమట్టి దారిలో బండి జారినా, ఆ సమయానికి మీ వేగం గంటకు ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. బట్టలకు మట్టి అంటుకుంటుంది, బ్రేక్ లివర్ వంగుతుంది. 26వ నంబరు జాతీయ రహదారి మీద సుంకి మలుపులు దిగుతున్నప్పుడు, వాన పడుతుండగా, వెనుక మీ భార్య కూర్చుని ఉండగా, ఎదురుగా లారీ ఎక్కి వస్తున్న సమయంలో ముందు చక్రం జారితే దాని పర్యవసానం వేరుగా ఉంటుంది. అందుచేత మీ టైరు మొదట తడి తారు మీద నిలబడాలి, ఆ తరువాత బురదలో నడవాలి.

పెద్ద గుబ్బల టైరు తడి తారు మీద ఎందుకు బలహీనమో చెబుతాను. తారు రోడ్డు మీద పట్టు ప్రధానంగా రోడ్డును తాకి ఉన్న రబ్బరు నుంచి వస్తుంది. గుబ్బల టైరులో గుబ్బకూ గుబ్బకూ మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి ఏ క్షణంలోనైనా నేలను తాకే రబ్బరు తక్కువగా ఉంటుంది. పైగా ఎత్తైన గుబ్బ గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ముందుకు, మలుపులో వంచినప్పుడు పక్కకు ఒరుగుతుంది. బండి ఒక్క క్షణం తన ఇష్టప్రకారం కదిలినట్లు అనిపించేది అందుకే. ఆ గుబ్బలు మెత్తటి నేలలో దిగబడి పట్టు సంపాదించడానికి తయారైనవి. తారులో అవి దిగబడలేవు కదా. తడిసిన తెల్లగీతలు, వంతెనల మీది ఇనుప కీళ్లు, లారీలు ఆగే చోట రోడ్డు మీద కారిన నూనె, ఇవన్నీ ఈ బలహీనతను మరింత పెంచుతాయి. దీనికి తోడు ఇటువంటి వెనుక టైరు తారు మీద చాలా త్వరగా అరుగుతుంది. రోడ్డు వాడకానికి మొగ్గిన టైరు నడిచే దూరంలో సగం కూడా రాకుండానే మధ్య వరుస గుబ్బలు చదునుగా మారిపోవడం సాధారణమే.

అయితే మీ బావగారి మాటను కూడా పూర్తిగా అంగీకరించలేను. సన్నని గాడులున్న రోడ్డు టైరు ఎర్రమట్టిలోకి దిగిన కాసేపటికే గాడులన్నీ జిగురుమట్టితో పూడిపోయి నున్నటి రబ్బరు గొట్టంలా తయారవుతుంది. గుబ్బల మధ్య ఖాళీ ఉన్న టైరు తిరిగే వేగానికి ఆ మట్టిని విదిలించుకోగలదు. రోడ్డు టైరుకు ఆ శక్తి ఉండదు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా పొట్టంగి కొండల్లో తిరిగే మనిషికి అది నిత్యం ఎదురయ్యే ఇబ్బంది. గెడ్డ దాటి అవతలి గట్టు ఎక్కేటప్పుడు వెనుక చక్రం ఉన్నచోటే తిరుగుతూ ఉంటే బండిని చేతులతో నెట్టవలసి వస్తుంది.

కాబట్టి ఈ రెండింటికీ నడుమ ఉన్న దిమ్మల టైరు మీకు సరిపోతుంది. అమ్మేవాళ్లు వీటిని 50/50, 60/40, 80/20 అంటూ అంకెలతో చెబుతారు. మొదటి అంకె తారుకు, రెండవది మట్టికి. ఇది ఏ ప్రమాణాల సంస్థా కొలిచి ఇచ్చే లెక్క కాదు, తయారీదారు తన టైరు స్వభావాన్ని సూచించే ఒక అంచనా మాత్రమే. ఒక కంపెనీ 60/40 అని చెప్పేది మరొక కంపెనీ 50/50 కన్నా ఎక్కువ మట్టి స్వభావం కలిగి ఉండవచ్చు. అందుచేత అంకెను పక్కన పెట్టి టైరును కళ్లతో చూడండి. మధ్య భాగంలో దిమ్మలు దగ్గరదగ్గరగా, వెడల్పుగా ఉండి, అంచులకు పోయేకొద్దీ ఖాళీలు పెరగాలి. దిమ్మ వెడల్పుకన్నా పక్కనున్న ఖాళీ పెద్దదిగా కనిపిస్తే అది మట్టి టైరు కిందకే వస్తుంది. బొటనవేలితో ఒక దిమ్మను పక్కకు నెట్టి చూడండి. అది సులువుగా ఒరిగితే ఘాట్ మలుపులో కూడా ఒరుగుతుంది. దిమ్మల మీద కత్తితో గీసినట్టు సన్నని చీలికలు ఉంటే మంచిదే, తడి రోడ్డు మీద అవి నీటిపొరను విడగొట్టడానికి ఉపయోగపడతాయి.

ఇక ముందు టైరు విషయం. వెనుక టైరు ఒక్కటే మార్చి సరిపెట్టుకోవాలన్న ఆలోచన మీ ఉత్తరంలో కనిపిస్తోంది. ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమే, కానీ మట్టిలో గానీ తారు మీద గానీ వెనుక చక్రం కొంత జారితే బండిని నిలబెట్టుకోవచ్చు, ముందు చక్రం జారితే దాదాపుగా పడిపోయినట్టే. వెనుక కొత్త దిమ్మల టైరు బురదలో బండిని బలంగా ముందుకు నెడుతుంటే, సగం అరిగిన ముందు టైరు ఆ బలానికి తగినట్టు తిరగలేక నేరుగా జారిపోతుంది. ముందు టైరు గాడుల్లో ఉండే అరుగుదల సూచికలను చూడండి. పక్క గోడ మీద చిన్న త్రిభుజం గుర్తు గానీ టీడబ్ల్యూఐ అన్న అక్షరాలు గానీ ఉన్నచోట, గాడి అడుగున కొద్దిగా ఎత్తుగా ఉండే రబ్బరు అడ్డుకట్టలే ఆ సూచికలు. రబ్బరు వాటిని తాకే దాకా టైరు చట్టానికి సరిపోవచ్చు గానీ, బురదకు మాత్రం అంతకన్నా చాలా ముందే పనికిరాకుండా పోతుంది. మీ స్థానంలో ఎవరున్నా రెండు టైర్లూ ఒకే తయారీదారు ఒకే రకంలో, వానలకు ముందే ఒకేసారి మార్చుకోమనే చెబుతాను. అంత డబ్బు ఇప్పుడు కుదరకపోతే వెనుక టైరు కొత్తది వేయించి, ముందుది మార్చేదాకా సాలూరు ప్రయాణాన్ని బస్సులో చేయండి.

కొనే ముందు పక్క గోడ మీది అంకెలను మీరే చదవండి. మీ బండికి ముందు 90/90-21, వెనుక 120/80-18. వెనుక టైరు 120 మి.మీ. వెడల్పు, అందులో 80 శాతం అంటే 96 మి.మీ. ఎత్తు, 18 అంగుళాల రిమ్ము అని దాని అర్థం. ఆ తరువాత వచ్చే రెండంకెల సంఖ్య బరువును సూచిస్తుంది. 62 అంటే ఆ టైరు మోయగల గరిష్ఠ భారం 265 కిలోలు, 57 అంటే 230 కిలోలు, ముందు టైరు మీద సాధారణంగా కనిపించే 54 అంటే 212 కిలోలు. మీ బండి బరువు సుమారు 160 కిలోలు. ఇద్దరు మనుషులు, ఒక సంచి కలిస్తే మొత్తం 320 దాకా వస్తుంది, అందులో మూడింట రెండు వంతులు వెనుక చక్రం మీదే పడవచ్చు. 57 ఉన్న చవక టైరు వేస్తే గుంతలో పడిన ప్రతిసారీ అది తన హద్దు దగ్గరే పనిచేస్తుంది. కంపెనీ ఇచ్చిన సంఖ్యకు తక్కువ ఉన్నది ఏ ధరకు వచ్చినా తీసుకోవద్దు. ఆ సంఖ్య పక్కనున్న అక్షరం వేగానిది. పి అంటే 150, ఎస్ అంటే 180 కిలోమీటర్లు కనుక మీ బండికి అక్కడ చిక్కేమీ రాదు. ఐఎస్ఐ ముద్ర, దానితోపాటు ద్విచక్ర, త్రిచక్ర వాహనాల టైర్ల ప్రమాణమైన ఐఎస్ 15627 అన్న సంఖ్య ఉన్నాయో లేదో తప్పక చూడండి. ఎన్‌హెచ్‌ఎస్ అన్న అక్షరాలు ఉంటే అది రహదారి మీద వాడరాని పోటీల టైరు. చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా మీకు పనికిరాదు.

ప్రశ్న: నా ఎక్స్‌పల్స్‌కు 120/80-18 టైరు మా ఊళ్లో దొరకలేదు. కొట్టులో 120/90-18, 130/80-18 ఉన్నాయి. ఏది వేసినా పడుతుందని, పెద్ద టైరైతే బురదలో బాగా లాగుతుందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా? — ఒక రైతు, గుణుపురం

సమాధానం: పడుతుంది అన్న మాటకు రిమ్ము మీద కూర్చుంటుంది అని మాత్రమే అర్థం తీసుకోండి. కూర్చోవడం వేరు, సరిపోవడం వేరు. లెక్క వేసి చూద్దాం. 18 అంగుళాల రిమ్ము అంటే 457 మి.మీ. దానికి రెండు వైపులా టైరు ఎత్తు కలిపితే మీ అసలు టైరు మొత్తం ఎత్తు 649 మి.మీ. వస్తుంది. 120/90-18 వేస్తే అది 673 అవుతుంది. అంటే బండి వెనుక భాగం 12 మి.మీ. పైకి లేస్తుంది, చక్రం ఒక్కసారి తిరిగితే బండి దాదాపు 3.7 శాతం ఎక్కువ దూరం పోతుంది. వినడానికి చిన్న తేడాగానే ఉంటుంది. కానీ గేర్లన్నీ ఆ మేరకు బరువెక్కినట్టే కనుక, బురదలో మొదటి గేరులో ఏటవాలు ఎక్కేటప్పుడు బండి బాగా లాగడానికి బదులు తక్కువగా లాగుతుంది. మీ మెకానిక్ చెప్పినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. వెనుక లేచిన కొద్దీ ముందు ఫోర్కు నిటారుగా మారి, హ్యాండిల్ తేలికగా తిరుగుతూ, వేగంలో స్థిరత్వం తగ్గుతుంది. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌కూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న ఖాళీ తగ్గి, అక్కడ మట్టి గట్టిపడి చక్రాన్నే పట్టేసే ప్రమాదం కూడా ఉంది. వంశధార ఒడ్డు నల్లమట్టిలో తిరిగేవారికి ఈ చివరి మాటను విడమరిచి చెప్పనక్కరలేదు.

130/80-18 ఎత్తు 665 మి.మీ., అంటే తేడా కొంత తక్కువ. దీని సమస్య వెడల్పులో ఉంది. వెడల్పాటి టైరును సన్నటి రిమ్ము మీద ఎక్కిస్తే దాని పక్క గోడలు లోపలికి నొక్కుకుపోయి, పైభాగం గుండ్రంగా ఉబుకుతుంది. అప్పుడు నేలను తాకేది మధ్యలోని సన్నటి పట్టీ మాత్రమే కనుక, వెడల్పు పెంచి పట్టు పెంచుకున్నామన్న సంతోషం కూడా మిగలదు. దిమ్మల టైర్ల అసలు వెడల్పు పైన రాసిన అంకెకన్నా కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువే ఉంటుంది, చైను వైపు అది రాసుకునే అవకాశం ఉంటుంది. ముందూ వెనుకా ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో రెండు చక్రాల వేగాన్ని పోల్చి చూసే పద్ధతి ఉంటుంది కనుక, ఒక చక్రం కొలతను మార్చడం అక్కడ ఇంకా అనుచితం.

అసలు కొలత ఎంతకూ దొరకకపోతే 110/90-18 అన్నది దగ్గరగా వచ్చే కొలత. దాని ఎత్తు 655 మి.మీ., తేడా ఒక శాతం లోపే. కొంత సన్నటి టైరు జిగురుమట్టిని కోసుకుంటూ కింది గట్టి నేలను అందుకుంటుంది కనుక బురదలో మీకు నష్టం ఉండదు. బరువు సంఖ్య సరిపోయిందో లేదో మాత్రం చూసుకోవాలి. అయినా నా మనసులోని మాట చెప్పమంటే, వారం రోజులు ఆగి రాయగడ నుంచో బరంపురం నుంచో అసలు కొలత టైరును తెప్పించుకోమంటాను.

ప్రశ్న: నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కు ట్యూబు టైర్లు. కొండల్లో పంక్చరు పడితే చాలా కష్టమవుతోంది. కొత్త టైర్లు వేయించేటప్పుడే ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్‌గా మార్చుకోవచ్చా? టైరు మీద టీఎల్ అని రాసి ఉంది. — ఒక పాఠకుడు, జయపురం

సమాధానం: టైరు మీద టీఎల్ ఉన్నంత మాత్రాన సరిపోదు, రిమ్ము కూడా ట్యూబ్‌లెస్‌కు తయారైనది కావాలి. మీ బండి చక్రాలకు స్పోకుల చివరి నిపుల్స్ రిమ్ము మధ్యలోని రంధ్రాల గుండా వస్తాయి. ట్యూబు తీసేస్తే గాలి ఆ రంధ్రాల గుండానే పోతుంది. ఆ రంధ్రాలను అంటుడు పట్టీతో, జిగురుతో మూసి ట్యూబ్‌లెస్‌గా మార్చే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది, దానితో తృప్తిగా తిరుగుతున్న వారు కూడా ఉన్నారు. కానీ ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచు లోపలికి జారిపోకుండా ఆపే చిన్న గట్టు ఒకటి ఉంటుంది. ట్యూబు రిమ్ములో సాధారణంగా అది ఉండదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు రాయి తగిలితే టైరు అంచు తన స్థానం నుంచి ఊడి, గాలి మొత్తం ఒక్కసారిగా పోవచ్చు. లోయ పక్కన మలుపులో అది జరగడాన్ని ఊహించుకుంటే, పంక్చరు వేయించుకునే శ్రమ భరించదగినదిగానే కనిపిస్తుంది. స్పోకులు అప్పుడప్పుడు బిగించుకోవలసిన వస్తువులు కూడాను. బిగించిన ప్రతిసారీ లోపలి పట్టీ కదులుతుంది.

అందుచేత మీరు ట్యూబులతోనే ఉండి, వాటి నాణ్యత పెంచుకోండి. కొత్త టైరుతోపాటు కొత్త ట్యూబు తప్పనిసరిగా వేయించాలి. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడి ఆ మడత దగ్గరే తెగుతుంది. మందమైన ట్యూబు దొరికితే కొంత బరువు పెరిగినా తీసుకోండి. మార్కెట్‌లో ఎక్కువగా ఉండే బ్యూటైల్ ట్యూబు గాలిని ఎక్కువ రోజులు నిలుపుతుంది. సహజ రబ్బరు ట్యూబు గాలిని కొంచెం కొంచెంగా వదిలినా, మేకు గుచ్చుకున్నప్పుడు చీలిపోకుండా చిన్న రంధ్రంతో ఆగే గుణం కలది. రోజూ గాలి చూసుకునే అలవాటు ఉన్నవారికి రెండవది మేలు. ఎక్కించే ముందు రిమ్ము లోపలి రబ్బరు పట్టీ చిరగకుండా ఉందో లేదో, ఏ స్పోకు కొన అయినా పైకి పొడుచుకు వచ్చిందో చేత్తో తడిమి చూడమనండి. ట్యూబుకు పౌడరు రాయించండి.

మరొక్క జాగ్రత్త చాలామంది పట్టించుకోరు. వాల్వ్ మెడకు ఉండే చిన్న నట్టును రిమ్ముకు ఆనించి గట్టిగా బిగించవద్దు, దాన్ని పైకి తిప్పి మూత దగ్గర వదిలేయండి. బురదలో గాలి తగ్గించి నడిపినప్పుడు టైరు రిమ్ము మీద కొద్దిగా జరిగితే ట్యూబూ దానితో జరుగుతుంది. నట్టు బిగించి ఉంటే వాల్వ్ మెడ దగ్గర ట్యూబు తెగిపోతుంది, వదులుగా ఉంటే వాల్వ్ ఒక పక్కకు వాలి మీకు ముందుగానే సంగతి తెలుస్తుంది. అలా వాలిన రోజున గాలి పూర్తిగా తీసి సరిచేసుకుంటే చాలు. రెండు టైరు లివర్లు, ఒక ట్యూబు, చేతిపంపు బండిలో పెట్టుకుని, చక్రం విప్పడం ఒకసారి ఇంటి దగ్గరే నేర్చుకోండి. ముందు చక్రం 21 అంగుళాలది, వెనుకది 17 కనుక ఒకే ట్యూబు మోసుకెళ్లదలచుకుంటే 21 అంగుళాలదే ఉంచుకోండి. అత్యవసరంలో దాన్ని వెనుక టైరులో మడిచి వేసి నెమ్మదిగా దగ్గరి ఊరి దాకా రావచ్చు.

ప్రశ్న: మా అన్నయ్య కొన్న విదేశీ దిమ్మల టైర్లు వాడకుండా మేడ మీద ఉంచేశాడు. ఒక్క కిలోమీటరు కూడా నడవలేదు. నా బండికి వేసుకోవచ్చా? — ఒక విద్యార్థి, పర్లాకిమిడి

సమాధానం: నడిచిన దూరం లేకపోయినా రబ్బరుకు వయసు ఉంటుంది. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైందని అర్థం. తయారై ఐదేళ్లు దాటిన టైరును, అందులోనూ ఎండ తగిలే మేడ మీద ఉంచినదాన్ని, నేనైతే ఘాట్ రోడ్డుకు పంపను. పక్క గోడను వేళ్లతో వంచి చూసినప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తే వయసు ఎంతైనా వద్దు. విదేశీ టైర్లు కొనేవారందరూ ఈ తేదీని చూడాలి. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మోటారు సైకిళ్ల టైర్లతో సహా పలు రకాల కొత్త టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో చేర్చింది. తేలికగా రాని సరుకు కొట్టులో ఎక్కువ కాలం నిలవ ఉండే అవకాశం ఉంటుంది. మన దేశంలోనే సియట్, ఎంఆర్ఎఫ్, టీవీఎస్ యూరోగ్రిప్ వంటి సంస్థలు ఇటువంటి బండ్లకు టైర్లు తయారు చేస్తున్నాయి కనుక, తాజాగా తయారైన స్వదేశీ టైరు దొరుకుతుండగా పాతబడిన ఖరీదైన టైరు కోసం పట్టుబట్టవలసిన పని లేదు.

ప్రశ్న: కొత్త దిమ్మల టైర్లు వేయించాను. రోడ్డు మీద ఒక రకమైన మోత, హ్యాండిల్‌లో వణుకు ఉన్నాయి. గాలి తగ్గిస్తే పోతుందని ఒకరు, పెంచితే పోతుందని మరొకరు చెప్పారు. మట్టి దారిలో ఎంత గాలి ఉంచాలి? — ఒక ఉపాధ్యాయిని, మునిగుడ

సమాధానం: అమ్మా, మోత ఆ టైర్ల సహజ స్వభావం, దిమ్మలు ఒక్కొక్కటిగా రోడ్డును తాకుతుంటే ఆ శబ్దం రాక తప్పదు. వణుకు మాత్రం సహజం కాదు. ముందుగా, టైరు అంచు చుట్టూ రిమ్ముకు దగ్గరగా ఉండే సన్నని గీత అన్ని వైపులా సమాన దూరంలో ఉందేమో చూడండి. ఒకచోట అది లోపలికి పోయి ఉంటే టైరు సరిగా కూర్చోలేదన్నమాట. గాలి తీసి, అంచుకు సబ్బునీరు రాసి, మళ్లీ గాలి పట్టించమనండి. తిరిగే దిశను చూపే బాణం గుర్తు ముందుకే ఉందో లేదో చూడండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు. దాన్ని వాల్వ్ దగ్గరకు వచ్చేలా ఎక్కించడం మంచి పద్ధతి. ఇవన్నీ సరిగా ఉండీ వణుకు తగ్గకపోతే చక్రాన్ని బ్యాలెన్సింగు చేయించాలి, స్పోకులను తనిఖీ చేయించాలి.

గాలి విషయంలో తారు రోడ్డుకు బండితో వచ్చిన పుస్తకంలోని అంకెనే పాటించండి, వెనుక మనిషి కూర్చున్నప్పటి అంకె వేరుగా ఇస్తారని గమనించండి. ఉదయం బండి తీయక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. నడిచి వేడెక్కిన టైరులో గాలి ఒత్తిడి పెరిగి కనిపిస్తుంది, అది చూసి గాలి తీసేయడం పొరపాటు. పెట్రోలు బంకులో మీటరు ఒక్కోచోట ఒక్కో రకంగా చూపుతుంది కాబట్టి చేతిలో ఇమిడే గేజి ఒకటి కొనుక్కోండి. రాళ్లు లేని మెత్తటి మట్టిలో, ఇసుకలో ఒత్తిడిని ఐదారు పీఎస్ఐ తగ్గిస్తే టైరు నేల మీద పరుచుకుని పట్టు పెరుగుతుంది. ట్యూబు టైరుకు 18 పీఎస్ఐ కన్నా కిందకు పోవద్దని నా సలహా, అంతకు దిగితే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి రెండు చోట్ల తెగుతుంది. నియమగిరి వైపు దారుల్లో ఉండేవి ఎక్కువగా పదునైన రాళ్లు. అటువంటి చోట గాలి తగ్గించడంకన్నా వేగం తగ్గించడం మేలు. తగ్గించిన గాలితో తారు రోడ్డు ఎక్కవద్దు, టైరు వేడెక్కి పక్క గోడ దెబ్బతింటుంది. దారి పక్కన ఆగి చేతిపంపుతో మళ్లీ పట్టించుకోవలసిందే.

టైర్లు కొత్తవి అన్నారు కనుక మరొక మాట. కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి నూటయాభై కిలోమీటర్ల దాకా పూర్తి పట్టు రాదు. ఆ దూరం పూర్తయ్యేదాకా మలుపుల్లో బండిని ఎక్కువగా వంచకుండా, గట్టిగా బ్రేకు పట్టవలసిన అవసరం రాకుండా నడపండి. వాన పడుతుంటే వీలైనంతవరకు బండి తీయకండి. ఆ తరువాత ఒకసారి స్పోకులు, ఇరుసు నట్టు, చైను బిగువు చూపించుకుని, గాలిని మళ్లీ కొలవండి.